పిడికెడు మైదా

"మా ఇంట్ల తినుడు బందు పెట్టినవ్, మేం నీకు కానోళ్ళమైనమా ఏంది?"

పక్కింటి ఐలవ్వ వాకిట్లో నిలబడి, గల్లీలో నలుగురూ వినేలా అడిగింది.

మహమూదా బేగం దగ్గర జవాబుంది. జగిత్యాల డాక్టరు పరీక్షలన్నీ చేయించి, గోధుమ, మైదా, రవ్వ ఇక జన్మలో ముట్టొద్దన్నాడు. అదే చెప్పింది.

"గోధుమ పడకపోవుడేంది? ఒక్క బిస్కెట్ తింటె సస్తవా?" అని ఐలవ్వ నవ్వి, మర్నాటి నుంచి చాయ్‌కి రావడం మానేసింది.

కోరుట్లలో వాళ్ళిద్దరి ఇళ్ళకీ మధ్య ఒకటే గోడ. పదిహేనేళ్ళుగా సాయంత్రమైతే ఐలవ్వ బీడీల చాట పట్టుకుని వచ్చేది, మహమూదా తను చేసిన నెయ్యి బిస్కెట్ల డబ్బా తీసేది. భర్త పోయాక ఆ ఇంట్లో రెండో గ్లాసు చాయ్ ఐలవ్వదే. సబర్ చెయ్యమని, ఓపిక పట్టమని చుట్టాలు ఫోన్లో చెప్పారు. సబర్‌ని చాయ్‌లో ముంచుకుని తినలేం కదా.

అందుకని మహమూదా పిండి మార్చింది. ఉట్టి బియ్యప్పిండివి చేతిలోకి తీస్తే పొడిపొడిగా రాలాయి. జొన్నపిండివి గొంతు దిగలేదు. చివరికి బియ్యప్పిండిలో కొంచెం శనగపిండి, రెండు చెంచాల సగ్గుబియ్యం పొడి వేసి, పాలతో కలిపి గంటసేపు నాననిస్తే ముద్దకు పట్టు చిక్కింది. పిండి గిర్నీలో గోధుమలు కూడా పడతారని బియ్యాన్ని ఇంట్లోనే మిక్సీ పట్టింది. అంత జాగ్రత్త! ముద్దను మాత్రం ఎప్పటిలాగే గల్లీ చివర అజ్మల్ బేకరీకి మోసుకెళ్ళింది. అక్కడ పిండి మనది, బట్టీ వాళ్ళది, కాల్చినందుకు కిరాయి.

బిస్కెట్లు ఎర్రగా, విరగకుండా వచ్చాయి. మూడు తిన్నది. మూడు రోజులు మంచం దిగలేదు.

లేచాక వెళ్ళి అడిగితే అజ్మల్ మురిసిపోతూ చెప్పాడు. "నీ బిస్కెట్లు ఇరిగిపోతయేమోనని భయమైంది చాచీ. ట్రేకు అంటుకోవద్దని పిడికెడు మైదా చల్లిన. మంచిగ అచ్చినయ్ గదా?"

ప్రేమగా చేసినవాణ్ణి ఏమని తిట్టాలి? కిరాయి ఇవ్వడం కూడా మరిచి తిరిగొచ్చింది. కొత్త గిన్నె కొని, అడుగున ఇసుక పోసి, మూతపెట్టి పొయ్యి మీదే కాల్చింది. వాయికి ఎనిమిది. ఈసారి తిన్నా కడుపు కిక్కురుమనలేదు. ఆ సంబరం చెబుదామని గోడ మీంచి తొంగిచూస్తే ఐలవ్వ ఇంటికి తాళం. సిరిసిల్లలో బిడ్డ దగ్గరికి పోయిందట.

మహమూదా డబ్బా నింపుకుని జగిత్యాలలో బస్సు మారి సిరిసిల్లలో దిగింది.

"నా కోసం గింత దూరం అచ్చినవా పిల్లా!" ఐలవ్వ అలకంతా మర్చిపోయింది. డబ్బా లాక్కుని, దుకాణంలో కొన్న బిస్కెట్లున్న పళ్ళెంలో మొత్తం కుమ్మరించి, చేత్తో కలియదిప్పింది. "తీస్కో, ఇద్దరం తిందాం."

మహమూదా తన బిస్కెట్లకేసి చూసింది. ప్రతిదానికీ మైదా పొడి అంటుకుని ఉంది. ఎందుకు తిననో చెబితే మళ్ళీ ఆనాటి వాకిట్లో ప్రశ్నే.

"తినే అచ్చిన అక్కా."

ఐలవ్వ నాలుగు తిన్నది. "నీ పాత బిస్కెట్ల లెక్కనే ఉన్నయ్," అన్నది. ఇక కోరుట్లకు రాననీ, బిడ్డ దగ్గరే ఉంటాననీ కూడా అన్నది. మహమూదా చాయ్ ఒక్కటే తాగి, ఖాళీ డబ్బాతో బస్సెక్కింది.

ఆ తర్వాత ఆమె బేకరీ వైపు పోలేదు. అజ్మల్‌కు బట్టీ కిరాయి అరవై రూపాయలు ఇంకా బాకీ.