అజ్మత్ సార్ గోబర్ గ్యాస్ పొయ్యి

సిద్దిపేటలో ఓ డిగ్రీ కాలేజీ. అక్కడ కెమిస్ట్రీ చెప్పే అజ్మత్ సార్‌కు నోరు పెద్ద, గుండె మెత్తన. బొగ్గుబావి పాఠం వచ్చిందంటే చాలు, సుద్దముక్క పక్కన పడేసి వాళ్ల బాపు సంగతి ఎత్తుకునేవాడు. ఆయన ఇరవై ఏళ్లు బావిలోకి దిగి, దగ్గి దగ్గి పోయిన మనిషి.

"మీ ఇంట్ల బల్బు వెలిగినప్పుడల్లా, దీనికోసం ఎవలి ఛాతి మండిందని అడుగున్రి," అని ఏటా చెప్పేవాడు సార్.

అందుకే ఆయనకు గోబర్ గ్యాస్ అంటే ప్రాణం. ఎనభై అయిదులో ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి కాలేజీ వెనక పేడతో గ్యాసు తయారయ్యే ప్లాంటు కట్టించాడు. ఆ గ్యాసుతోనే ల్యాబులో పొయ్యి వెలిగేది. మూడేళ్లుగా ఎవరొచ్చినా దాన్ని చూపించందే వదిలేవాడు కాదు. పిల్లలు చాటుగా దాన్ని "సార్ చిన్నబిడ్డ" అని నవ్వుకునేవారు.

ఆ చలికాలం కూడా పొయ్యి వెలిగించి, "సూడున్రి! ఈ మంటకు ఎవలి పానం తీసే పనిలేదు," అన్నాడు మురిసిపోతూ.

వెనక బెంచీలోంచి యాదలక్ష్మి లేచింది. నోట్లో నాలుక లేని పిల్ల. కాళ్లు వణుకుతున్నాయి.

"మా అవ్వ చేతులు సూడున్రి సార్."

"మీ అవ్వ ఎవలు?"

"ఐలవ్వ. పొద్దుగాల ప్లాంటుల పెండ కలిపేది మా అవ్వనే."

క్లాసంతా వెనక్కి తిరిగింది. తల్లి పని గురించి రెండేళ్లుగా ఆ పిల్ల దాచుకున్న మాట అది. సార్ మెచ్చుకున్నాడా? ఎక్కడి మెచ్చుకోవడం! ముఖం కందగడ్డయింది. "కూసో!" అని కసిరి, గంట కొట్టకముందే వెళ్లిపోయాడు.

మర్నాడు మాత్రం తెల్లవారగానే ప్లాంటు దగ్గరికొచ్చాడు. అంత పొద్దున అక్కడికి రావడం అదే మొదలు. ఐలవ్వ మోచేతుల దాకా తొట్టిలో పెట్టి పెండ పిసుకుతోంది. నీళ్లు జిల్లుమంటున్నాయి. వేళ్ల సందుల్లో పగుళ్లు విచ్చి నెత్తురు కనిపిస్తోంది.

సార్ గడియారం తీసి జేబులో వేసుకుని తానూ చేతులు పెట్టాడు.

"అయ్యో, గిదేంది సారూ! నీకెందుకీ పెండ?"

"నీ బిడ్డకు నిన్న జవాబు చెప్పలే ఐలవ్వా." నిమిషానికే ఆయన వేళ్లు కొంకర్లు పోయాయి. "గీ గ్యాసు మంట ఎన్నడన్న సూసినవా?"

"నన్నెవలు పిలిచిన్రు సారూ?"

చేతులు కడుక్కుని ఆమెను ల్యాబులోకి తీసుకెళ్లాడు. నీలిమంట లేచింది. ఐలవ్వ వంగి అటూ ఇటూ చూసింది.

"పొగ ఏది సారూ?"

"దీనికి పొగ రాదు."

"ఓహో," అని, ఇంట్లో పుల్లల పొయ్యి ఊది ఊది ఎర్రబడ్డ కళ్లను కొంగుతో తుడుచుకుంది. ఇన్నేళ్లు పిల్లలకు నేర్పిన ప్రశ్న తానొక్కసారీ అడగలేదే అని సార్ కుమిలిపోయాడు.

ఆ వారం నుంచి పెండ కలపడం క్లాసంతటికీ వంతుల పని అయింది. మొదటి వంతు సార్‌ది. పెండెంత, నీళ్లెంత అని ఐలవ్వ పక్కన నిలబడి చెప్పేది. కొందరు ముక్కు మూసుకున్నారు, ఇద్దరి తండ్రులు కొట్లాటకొచ్చారు. సార్ వినలేదు.

ఓ పొద్దున క్లాసు జరుగుతుండగా ప్రిన్సిపాల్ రాంచందర్ ల్యాబు గుమ్మంలోనే ఆగిపోయాడు. గ్యాసు పొయ్యి మీద మసిపట్టిన గిన్నెలో అన్నం ఉడుకుతోంది. పక్కన ఐలవ్వ నిలబడి ఉంది.

"ఏంది అజ్మత్ సాబ్, గిది ల్యాబా, వంటిల్లా?"

సార్ నోరు తెరిచేలోపే యాదలక్ష్మి లేచింది.

"గా గ్యాసు చేసింది మా అవ్వ సార్. గందుకే వండుకుంటున్నది."

ఈసారి కాళ్లు వణకలేదు.