దిన్నె ఎక్కిన పెట్రోలు లారీ

మొన్న మహదేవపుర దగ్గర మా అమ్మాయి కారు ఉన్నట్టుండి నెమ్మదించి, ముందున్న తెరమీద ఏదో ఎర్ర గుర్తు చూపితే, అమ్మాయి ఫోను చేసి సర్వీసు వాళ్ళను పిలిచి, వాళ్ళు వచ్చేదాకా నాతో నిశ్చింతగా కబుర్లు చెబుతూ కూర్చుంది. నాకు మాత్రం బానెట్ ఎత్తి చూడాలని ఒకటే ఆరాటం. ఎందుకంటే ఒకప్పుడు ఒక బండి జబ్బు కనిపెట్టిన ఘనత నాకూ ఉంది.

నేను కోడలిగా కాటన్‌పేటకు వచ్చేనాటికి మావారికి ఒక పాత పెట్రోలు లారీ ఉండేది. దానిమీద నూలు మూటలు వేసుకుని చిక్కబళ్ళాపురం దారిలోని మగ్గాల ఊళ్ళకు చేరవేసేవారు. ఆ కాలపు లారీలు ఎక్కినవారికి జ్ఞాపకం ఉంటుంది, ఒంట్లో బాగుంటే ఇంజనుది ఒక గొంతు, లేకపోతే ఇంకో గొంతు. ఆ ఏడు దానికి వింత జబ్బు పట్టుకుంది. చదును రోడ్డుమీద గుర్రంలా పోయేది, దారిలోని పెద్ద దిన్నె మొదలయ్యేసరికి టపటపా దగ్గి, సత్తువంతా ఉడిగి నిలబడిపోయేది. ప్లగ్గులు మార్చారు, కార్బురేటరు విప్పి కడిగారు, పాయింట్లు కొత్తవి వేశారు, గుణం కనిపించలేదు. ఇంటికి పెద్దవారైన మా బావగారు విసిగిపోయి, లారీని పాత ఇనుముకు అమ్మేసి తమ్ముణ్ణి బట్టల అంగట్లో కూర్చోబెడదామని తేల్చేశారు. రోడ్డుమీద తిరిగిన మనిషికి అంగడి జైలే కదా. మావారికి అన్నం సయించడం మానేసింది.

ఒక మధ్యాహ్నం జోరువాన. షెడ్డు తలుపులు మూసి, ఆ చీకట్లో మావారు సీట్లో కూర్చుని ఇంజను రేపుతూ ఉంటే, కాఫీ తెచ్చిన నేను ఊరికే బానెట్ కిందికి తొంగిచూశాను. ప్లగ్గులకు కరెంటు పంపే కాయిలు నుంచి వచ్చే లావుపాటి వైరు కింద సన్నని నీలి మెరుపు చిటుక్కుమంది.

"ఏమండీ, ఈడేమో మెరుస్తా ఉండాది!"

"వాన మెరుపులే."

"వాన మెరుపు కాదు, వైరు కిందనే ఉండాది, దిగొచ్చి చూడండి!"

నన్ను సీట్లో కూర్చోబెట్టి యాక్సిలరేటరు తొక్కమని ఆయన వచ్చి చూశారు. ఇనుముకు రాసుకుని రాసుకుని వైరు పైతొడుగు పగిలింది. ఇంజనుమీద బరువు పడినప్పుడల్లా ప్లగ్గుకు పోవలసిన కరెంటు ఆ పగులులోంచి ఇనుములోకి దూకిపోతోంది. ఆయన ఆ షెడ్డులోనే చిన్నపిల్లాడిలా గెంతారు.

మరునాడు కొత్త వైరుతో, నిండా మూటలతో బయలుదేరాం. బావగారు నమ్మక తానూ ఎక్కారు, నేనూ పట్టుబట్టి మావారి పక్కన కూర్చున్నాను. దిన్నె రాగానే బావగారు, ఇక ఆగిపోతుందని, దిగడానికి తలుపుమీద చెయ్యి వేశారు. లారీ ఒక్క దగ్గు దగ్గకుండా, గొంతు బిగించి, నిండు బరువుతో పైకెక్కింది.

శిఖరం మీద బావగారు చెయ్యి తీసి, "ఇంగ దీన్ని అమ్మే మాట ఎవురూ ఎత్తొద్దప్పా. మన ఇంటి కోడలు గెలిపిచ్చింది" అన్నారు. మావారు కొట్టిన హారనుకు చేలల్లో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు లేచి నిలబడి చూశారు. నేను సిగ్గు మరచి వాళ్ళకు చెయ్యి ఊపాను.

ఇప్పుడా దిన్నెను తవ్వి చదును చేసి, వెడల్పాటి రోడ్డు వేశారు. దానిమీద జారిపోతున్న వాళ్ళకు అక్కడొక ఎత్తు ఉండేదని తెలియదు, దాన్ని ఎక్కడంలో ఎంత సంతోషం ఉండేదో అసలే తెలియదు.