గొళ్ళెమ్మ సర్వరు

తలుపు వేశాక గొళ్ళెం ఒకటికి రెండుసార్లు లాగి చూసుకునే అలవాటు వల్ల ఆఫీసులో ఆమెకు ‘గొళ్ళెమ్మ’ అని పేరు పడింది. ల్యాబులో డాక్టరు చెప్పే స్కాన్ రిపోర్టులు టైపు చేయడం ఆమె పని. అత్తగారు జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాక, ఇంటినుంచే పని చేస్తానని అందరినీ బతిమాలుకుంది. రోగుల వివరాలు కదా, మారని ఇంటర్నెట్ అడ్రసు ఒక్కదాని నుంచి వస్తేనే ల్యాబు కంప్యూటర్లలోకి రానిస్తామన్నారు. రిపోర్టు ఆలస్యమైతే మాత్రం ఆఫీసుకే వచ్చి కూర్చోవాలన్నారు. ఇంటి కనెక్షన్ అడ్రసేమో ఎప్పుడు మారుతుందో దానికే తెలియదు. అందుకని ఎక్కడో దూరాన ఉన్న చిన్న సర్వరును, మారని అడ్రసుతో సహా, అద్దెకు తీసుకుంది. ఇంటినుంచి దానిలోకి, దానిలోనుంచి ల్యాబులోకి.

అంతటితో ఊరుకుంటే గొళ్ళెమ్మ ఎందుకవుతుంది? మా ఇంటి అడ్రసు నుంచి తప్ప ఇంకెవరినీ రానివ్వకు అని ఆ సర్వరుకూ ఒక గొళ్ళెం బిగించింది. మారిపోయే అడ్రసును నమ్ముకుని తాళం వేసింది, మహాతల్లి!

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. రౌటరుకు కొత్త అడ్రసు పడింది. సర్వరు ఆమెను గుమ్మం తొక్కనివ్వలేదు. ఆపరేషన్‌కు వెళ్ళాల్సిన మనిషి రిపోర్టు అటువైపు ఉండిపోయింది. చివరికి నామోషీ పక్కన పెట్టి, ల్యాబులో నెట్‌వర్క్ చూసే అతనికి ఫోన్ చేసింది.

“తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్నారా మేడమ్?” అని నవ్వాడతను. “సర్వరు అద్దెకిచ్చినవాళ్ళ వెబ్‌సైటుకెళ్ళండి. అక్కడ కన్సోల్ అని ఉంటుంది. పెరటి తలుపు లాంటిది. దానికి మీ గొళ్ళెం అడ్డం రాదు.”

అలాగే వెళ్ళింది. ఇంటి అడ్రసు నిబంధన పీకేసి, తన ల్యాప్‌టాప్‌లోని డిజిటల్ తాళంచెవికి మాత్రమే తెరుచుకునేలా మార్చింది. రిపోర్టు టైముకే డాక్టరుకు చేరింది. హమ్మయ్య అనుకుంటూ వెనక్కి తిరిగింది.

మంచం మీద ఉండాల్సిన అత్తగారు మంచినీళ్ళ గ్లాసుతో ఎదురుగా నిలబడి ఉంది. వాకరు మంచం పక్కనే ఉంది.

“గొంతెండిపోయుంటుంది, తాగు.”

ఆమె సంతోషంగా గ్లాసు అందుకుంది. “ఎప్పట్నుంచి నడుస్తున్నారు అత్తయ్యా?”

“చాలా రోజులైందిలే. నువ్వు స్నానానికెళ్ళినప్పుడు నడుస్తున్నా.” అత్తగారు గొంతు తగ్గించింది. “మీ ఆఫీసులో చెప్పకే. తెలిస్తే నిన్ను రమ్మంటారు.”