మేనేజరన్న మెత్తటి బాణీలు

సూర్యాపేటలో మాది బట్టల దుకాణం. మా ఇంట్లో పిల్లలకు మాటలకంటే ముందు బేరం వస్తుంది. నేనైతే దవాఖానలో కూడా "రెండు సూదుల మందు ఒక్క సూదిలో ఎక్కియ్యరాదా" అని అడిగిన ఘనుణ్ని. అందుకే మా అన్న బిడ్డ పెళ్లికి పాటల పార్టీని మాట్లాడే పని నాకే అప్పజెప్పారు.

కోదాడలో ఒక ఆర్కెస్ట్రాకు ఏండ్లపాటు మేనేజర్‌గా చేసినాయన ఉన్నాడు. ఆయన తెచ్చిన సౌండ్ బాక్సులకు చెవులు గింగురుమనని పెళ్లి ఈ చుట్టుపక్కల లేదు. తర్వాత ఆ పార్టీ పోరగాళ్లు డీజే పెట్టుకొని ఆయన్ను పక్కకు నెట్టారు. ఆయన ఊరుకుంటాడా? ఫ్లూటు, కీబోర్డు పెట్టి సొంతంగా ఆల్బం చేశాడు. మాటల్లేని మెత్తటి బాణీలు. వింటే ప్రాణం హాయిగా ఉండాలట. జన్మంతా మిరపకాయ బజ్జీలు అమ్మినోడు కొబ్బరిబోండాల బండి పెట్టినట్టు.

"ఆర్కెస్ట్రా ఎందుకు తమ్ముడూ, భోజనాలప్పుడు నా ఆల్బం పెట్టు. నాకు పైసా వద్దు. నలుగురు చివరిదాకా వింటే చాలు. మా ఇంట్లోవాళ్లే ఇంతవరకు మొత్తం వినలేదు" అన్నాడు.

పైసా వద్దన్న తర్వాత నా చెవులు పనిచేయవు. అయినా అలవాటు పోతుందా? "బాక్సులు కూడా నువ్వే తేవాలె అన్నా" అన్నాను. సరేనన్నాడు. ఉచితాన్ని కూడా బేరమాడిన మొనగాణ్నని ఇంట్లో చెప్పుకున్నాను.

మిర్యాలగూడ ఫంక్షన్ హాలు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొని బాక్సుల పక్కన నిలబడ్డాడు, కాన్పుగది బయట నిలబడ్డ తండ్రిలాగ. ఫ్లూటు మెల్లగా మొదలైంది.

నేను మరిచిందొకటే. మా పెళ్లిళ్లలో మోత వినడానికి కాదు, వినపడకుండా ఉండడానికి. మగపెళ్లివాళ్లు మటన్ కూరలో ఎముకలు లెక్కపెట్టి వంకలు పెట్టడం ఆచారం, అది మాకు వినపడకపోవడం మర్యాద.

ఆ హాయిలో పెళ్లికొడుకు చిన్నాయన గొంతు హాలంతా పాకింది. "ముక్కలన్నీ ఆళ్లు తిన్నరు, బొక్కలు మనకేసిన్రు!"

గరిట పట్టుకున్న మా అన్న ఆగిపోయాడు. "ఏమన్నవ్ బావా? మల్లొక్కసారి అను!"

"బొక్కలను బొక్కలే అంటరు బావా, జిలేబీలంటరా?"

కుర్చీలు కదిలాయి. మగపెళ్లివాళ్లు సగం విస్తళ్ల మీద నుంచి లేవబోతున్నారు. అట్ల లేస్తే ఇగ సంబంధం ఖతం. నేను మేనేజరన్న దగ్గరికి ఉరికాను.

"అన్నా, సౌండ్ పెంచు!"

"పెంచితే ఇది నా ఆల్బం కాదు తమ్ముడూ."

"అన్నా, పెళ్లి చెడిపోతది!"

నా ముఖం చూశాడు. ఎన్ని పెళ్లిళ్లలో ఎన్ని లొల్లులను ముంచిన చెయ్యో అది, సౌండ్ గుండీని ఆ చివరిదాకా తిప్పింది. ఫ్లూటు రైస్‌మిల్లు బెల్టు తెగినట్టు అరిచింది. ఎవరి తిట్టు ఎవరికీ వినపడలేదు. చిన్నాయన కాసేపు నోరాడించి, అలసిపోయి, కూర్చొని, చారు పొయ్యమని చెయ్యి ఊపాడు. మా అన్న ఏరి ఏరి మెత్తటి ముక్కలు వేశాడు.

చేయి కడుక్కొని చిన్నాయన నేరుగా మేనేజరన్న దగ్గరికి పోయాడు. "సౌండ్ జబర్దస్త్ ఉన్నది! మా ఇంట్ల పెళ్లికి నువ్వే రావాలె."

మేనేజరన్న తన పాత ఆర్కెస్ట్రా నంబరు ఇచ్చి, పెన్‌డ్రైవ్ పీకి జేబులో వేసుకొని, అన్నం తినకుండానే బయల్దేరాడు.

నేను డబ్బాలో మటన్ కట్టించుకొని గేటు దాకా ఉరికాను. సరుకు చూడకుండానే పొగడడం మా కులవృత్తి కదా.

"అన్నా, మూడో బాణీ ఉంది సూడు, కండ్లల్ల నీళ్లు తిరిగినయ్."

ఆయన డబ్బా అందుకున్నాడు.

"మూడోది రానేలేదు తమ్ముడూ. రెండో దాంట్లోనే గొడవైంది."