మడిసా, మిసనా?

అనకాపల్లి బెల్లం మార్కెట్ ఎదుట ఫోన్ బూత్ నడిపిన నా మిత్రుడు రిసీవరెత్తి ఏనాడూ హలో అనలేదు. “మడిసా, మిసనా?” అని అడిగేవాడు. ఉన్న ఒక్క లైనులోనే మాటలు, ఫ్యాక్సులు, కంప్యూటర్ మోడెం నడవాలి. మనిషి గొంతుకు బదులు కూత వినబడితే ఫ్యాక్సు మీట నొక్కేవాడు. రెండో లైను కోసం అతని తరఫున నేను రాసిన అర్జీల నకళ్లు నా వద్ద భద్రంగా ఉన్నాయి. జవాబిచ్చే మర్యాద ఆ కార్యాలయానికి లేకపోయింది.

పరీక్షా ఫలితాలు వెలువడిన రోజున కశింకోట నర్సు ఒకామె బూత్‌లో కూర్చుంది. ఆమె ఉద్యోగపు ఉత్తర్వు ఫ్యాక్సులో రావాలి. సాయంత్రంలోగా సమ్మతి పంపకపోతే ఉద్యోగం మరొకరిది. కాలేజీ కుర్రాళ్లేమో ఇంటర్నెట్టులో ఫలితాల కోసం కంప్యూటర్‌ను చుట్టుముట్టారు.

“ఒక్క పాలి ఆపండ్రా, సెల్లెమ్మ కాయితం రావాల!”

“మా నెంబర్లు సూసేక ఆపుదువులే మామా!”

మోడెం తీగ పీకబోయి, వారి ముఖాలు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సాయంత్రం గడిచిపోయింది. లైను ఖాళీ కాక ఫ్యాక్సు రాలేదు.

“నువ్వేటి సేత్తావు అన్నా, ఉన్నది ఒక్క లైనే గదా. ఇంకో సోట పని దొరికితే ఫోన్ సేత్తాను,” అని ఆమె వెళ్లిపోయింది.

బూత్ మూతపడి చాలా ఏళ్లయింది. మంచం పట్టినా అతడు ఆ పాత నెంబరును వదులుకోలేదు. ఆమెకు తెలిసినది అదొక్కటే. మొన్న నేను అతని ఇంట్లో ఉండగా ఫోన్ మోగింది. ఆత్రంగా ఎత్తాడు.

“మడిసా, మిసనా?”

అప్పు కావాలా అని అడిగే రికార్డు గొంతు నాకూ వినబడింది. దాన్ని చివరిదాకా విన్నాడు.

“మిసనే,” అని రిసీవర్ పెట్టేశాడు.