తల మీది సున్న

ఆ పేజీ అప్పుడు నా సొరుగులోనే ఉంది. ప్రెస్సుకు వెళ్ళిపోయిందని చెప్పాను. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పుకోలేక మోస్తున్న మాట ఇది. మీకు చెబుతున్నాను.

డెబ్బైల మధ్యలో, మస్కట్‌లో. హైదరాబాదులో ఒక దినపత్రికలో సబ్ ఎడిటర్‌గా చేసి, రోడ్లు వేసే కంపెనీలో టైపిస్టుగా చేరాను. మా ఇంగ్లీషు ఇంజనీరు తన వంశ చరిత్ర అచ్చు వేయించాలనుకున్నాడు. నిజ్వా రోడ్డు రిపోర్టులు పక్కన పెట్టి అదే టైపు చేశాను. ఇంగ్లండులో వాళ్ళు భూస్వాములు. స్వీడన్‌లో ఒక ప్రభువంశంతో మూడు తరాల వియ్యం. ఆయనా, ఆయన అన్నా ఆ ఇంటి అక్కాచెల్లెళ్ళనే చేసుకున్నారు. అన్నను చేసుకున్న అక్క అత్తింట్లో ఇమడలేక కూతురితో పుట్టింటికి వెళ్ళి, అక్కడే చనిపోయింది. ఇల్లు వదిలి వెళ్ళినవాళ్ళు మా వంశం కాదంటూ, ఆ దంపతుల పేర్ల కింద 'సంతానం లేదు' అని కొట్టమన్నాడు ఇంజనీరు. కొట్టాను.

చెల్లెలు, అంటే ఆయన భార్య, సంగతి తెలిసి ఆఫీసుకు వచ్చింది. చీటీ మీద పిల్ల పేరు రాసి తెచ్చింది. ఓసా. వాళ్ళు 'ఓ' అని పలికే ఇంగ్లీషు 'ఎ' అక్షరం, దాని తల మీద చిన్న సున్న.

"స్వీడన్‌లో పిల్లల్ని తండ్రి వంశం కిందే రాస్తారు. ఇందులో లేకపోతే మా అక్క కూతురు ఇంకెక్కడా ఉండదు. ఈ పేరు చేర్చండి," అంది.

"మా మిషన్‌లో ఈ అక్షరం లేదు మేడం."

"సున్న నేను పెన్నుతో పెడతాను. ఆ పేజీ ఇవ్వండి."

"ప్రెస్సుకు వెళ్ళిపోయింది."

అక్షరం లేదా? అదే పుస్తకంలో ఆమె స్వీడన్ తాతల పేర్ల మీద అలాంటి సున్నలు నేనే పెన్నుతో పెట్టాను. తలకట్టు మరిచిపోతే వేళ్ళ మీద కొట్టించుకుని అక్షరాలు నేర్చినవాణ్ణి.

ఆమె కారు నడిపే కరీంనగర్ రాజన్న, ఆ సాయంత్రం మేమిద్దరం ఉండే రూమ్‌లో నా ముఖం చూడకుండానే అన్నాడు:

"మేడం కార్ల ఏడ్సుకుంట జెప్పింది. పేరు మీద సున్న వెట్టరాదన్నవట. పిల్లనే సున్న జేసినవ్ గదనే పంతులూ."

నన్నెవరు బెదిరించారు? ఎవరూ బెదిరించలేదు. దొర ఒకసారి భుజం తట్టి నమ్మకస్తుడివన్నాడు. అంతే. దానికే అమ్ముడుపోయానా? పత్రికలో మరణవార్తలో ఇంటిపేరు తప్పుపడితే మర్నాడే సవరణ వేయాలని కుర్ర విలేకరులకు పాఠాలు చెప్పిన నోరు ఇది. దొర మీద కోపం ఇప్పటికీ చల్లారలేదు. కానీ ఆయన అబద్ధం రాయమన్నది కాగితం మీద. ఆమె ముఖం మీద చెప్పింది నేను, ఆయన అడగకుండానే.

క్షమించమనడం లేదు. చెప్పగలిగాను, కాస్త ఊపిరి ఆడుతోంది.

పుస్తకం అచ్చయింది. పన్నెండో పేజీలో 'సంతానం లేదు' అనే ఉంది. ఆమె నా బల్ల మీద వదిలి వెళ్ళిన చీటీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఓసా ఆ పేజీ చూసిందో లేదో నాకు తెలియదు.