అవతలి పార్టీ పిల్ల

సాఫ్ట్ టెన్నిస్ బంతి మెత్తటి రబ్బరుది. తగిలినా పెద్దగా నొప్పుండదు. ఆటలో జంటలదే పైచేయి: ఒకరు వెనక నిలబడి ఆడతారు, ఇంకొకరు వల దగ్గర కాచుకుంటారు. గురజాల దగ్గరి ఒక ఊళ్లో పదో తరగతి హరిత వెనక, మౌనిక వల దగ్గర, రెండేళ్లు అలా ఆడారు. హరితకు రాష్ట్ర జట్టులో చోటు కావాలి, అదీ మౌనికతోనే కావాలి.

ఇంతలో పంచాయతీ ఎన్నికలొచ్చి ఊళ్లో తలలు పగిలాయి. హరిత తండ్రి కోటయ్య బడికొచ్చి వ్యాయామ మాస్టారి మీద ఎగిరాడు.

"అవతలి పార్టీ వాళ్ల పిల్లతో మా పిల్లకి జంటేంది సారూ?"

"ఆటలో పార్టీ ఏంది కోటయ్యా?"

"మీకు తెలవదులే. ఒంటిగా ఆడిచ్చండి."

ఆటలు మనుషుల్ని కలుపుతాయని ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఆ రోజు ఎవరూ రాలేదు. మాస్టారు ఇద్దరినీ సింగిల్స్‌కు రాశాడు. ఎంపిక పోటీలో ఒకరికొకరు ఎదురుపడ్డారు. జంటగా ఆడినన్నాళ్లూ తొంగిచూడని ఊరు, రెండు పార్టీలుగా రెండు ట్రాక్టర్లెక్కి వచ్చింది.

"దాని మొహాన కొట్టవే!" అని కోటయ్య అరిచాడు.

హరిత మొహాన కొట్టలేదు. మౌనిక తల మీదుగా వెనక మూలకే బంతులేసింది. అక్కడి బంతులు మౌనికకు అందవని, రెండేళ్లు ఆ మూల కాసిన హరితకొక్కదానికే తెలుసు. గెలిచింది. మౌనిక వల దగ్గరికొచ్చి చెయ్యి చాపింది. తండ్రి చూస్తున్నాడని హరిత అందుకోలేదు.